ఏడుకీ ఎనిమిదికీ మధ్య తగ్గిన రెండు మిల్లీమీటర్లు

ఒక ప్రభుత్వం తన ప్రజల్ని ఎంతగా ప్రేమిస్తుందో తెలుసుకోవడానికి ఆసుపత్రులూ బడులూ చూసి ప్రయోజనం లేదు. మోటారు సైకిలు నంబరు పలక మీద అంకెకూ అంకెకూ మధ్య ఎంత ఎడం ఉంచమన్నదో చూడాలి. కువాలా సెరిండిట్ పట్టణంలో ఆ ప్రేమ కచ్చితంగా పది మిల్లీమీటర్లు. (ఎక్కువైనా నేరమే, తక్కువైనా నేరమే. ప్రేమంటే అంతే మరి.)

ఈ ప్రేమకు చాలాకాలం దూరంగా బతికిన మనిషి కల్సోమ్ పిన్ని. మొగుడు పోతూ ఆమెకు మిగిల్చింది ఒక ఎర్ర మోటారు సైకిలు. తెల్లారేసరికి కొబ్బరిపాల అన్నం వండి, మీద ఎండుచేపల కారం వేసి, అరిటాకు పొట్లాలు కట్టి, ఆ బండి మీద ముందు రబ్బరు చేతితొడుగుల ఫ్యాక్టరీ గేటుకీ, తర్వాత బడికీ, ఆఖరున సంత పక్క కాఫీ కొట్టుకీ వెళ్ళేది. బండి ఉంటేనే ఆ మూడు చోట్లూ. లేకపోతే కాఫీ కొట్టు ఒక్కటే, దానితో ఇల్లు గడవదు.

ఆ బండి నంబరు 3178. కాఫీ కొట్టు పక్కనే నంబరు పలకలు చేసే బూన్ కీట్ ఎప్పుడో తన చేత్తో ఒక్కో ప్లాస్టిక్ అంకే అతికించి ఇచ్చాడు. ఏళ్ళ తరబడి ఎండకు జిగురు కరిగి, ఏడు మెల్లగా ఎనిమిది వైపు జరిగింది. మనుషులైతే ఈపాటికి ఊళ్ళో పుకారు పుట్టేది, అంకెలు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

పట్టించుకున్నవాడు అంకెల ఎడం విభాగంలో రెండో తరగతి సహాయ కొలతాధికారి రిడ్జువాన్. ఓ ఉదయం కాఫీ కొట్టు ముందే పిన్ని బండి ఆపి, జేబులోంచి స్టీలు కొలబద్ద తీసి, పలక ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఎనిమిది మిల్లీమీటర్లే ఉంది పిన్నీ. ఈ నంబరు చదవడానికి వీల్లేదు."

"అదేం మాట సార్! అందరూ చదువుతూనే ఉన్నారుగా?"

రిడ్జువాన్ తొందరపాటు మనిషి కాడు. "మూడు, ఒకటి, ఏడు, ఎనిమిది" అని పైకి రెండుసార్లు చదివి, చదవడానికి వీల్లేదని రూఢి చేసుకున్నాకే కాగితం మీద నంబరు అన్నచోట 'చదవలేనిది' అని రాశాడు.

"ఇప్పుడు మీరు చదివిందేంటి మరి?" అంది పిన్ని.

"నేను శిక్షణ పొందినవాణ్ణి. మామూలు జనం చదవలేరు."

మామూలు జనం ఆ సమయానికి కాఫీ కొట్టులోంచి మెడలు సాచి నంబరు రాసుకుంటున్నారు. గుద్దుకున్న కారుదైనా, అధికారి ఆపిన బండిదైనా ఆ నంబరు మీద శనివారం లాటరీ కట్టకపోవడం ఆ ఊళ్ళో పాపం కింద లెక్క.

"అక్కా, ముప్పై ఒకటి డెబ్బై ఎనిమిదే కదా?" అని బూన్ కీట్ అరిచాడు.

"నువ్వు అతికించిందే కదరా దరిద్రుడా!"

బండి విభాగం వారి ఆవరణలోకి వెళ్ళింది. పలక సరిచేయిస్తే ఇచ్చేస్తామన్నారు. పిన్ని ఆ పూటే బూన్ కీట్ చేత కొత్త పలక చేయించుకుని, చంకలో పెట్టుకుని వెళ్ళింది. పలక మీద ప్రతి ఎడమూ పది మిల్లీమీటర్లు. రిడ్జువాన్ దాన్ని కొలిచి, కళ్ళు చెమర్చి, ముద్ర వేశాడు.

"మరి బిగిస్తాను, బండి చూపించండి సార్."

"ఆవరణలో ఉన్న బండి సాక్ష్యం పిన్నీ. దాని మీద చెయ్యి వేయకూడదు. బయటికి తీసుకెళ్ళి బిగించుకో."

"అయితే బయటికి ఇవ్వండి."

"పలక బిగించనిదే ఎలా ఇస్తాం?"

ఈ ప్రశ్నకు పిన్ని దగ్గర జవాబు లేదు. (విభాగం దగ్గరా లేదు. కానీ అది ప్రశ్న అడిగే వైపు ఉంది.) పై అధికారికి మొరపెట్టుకుంది. ఆయన ఎంతో మర్యాదగా కుర్చీ వేయించి, చిట్టా తెరిపించాడు. 3178 నంబరుతో ఆవరణలో ఏ బండీ లేదని తేలింది. 'చదవలేనిది' అన్న బండి మాత్రం ఒకటుంది, అది ఎవరిదో తేల్చడం నంబరు లేకుండా అసాధ్యమన్నాడు.

"అదుగో సార్, కిటికీలోంచి కనిపిస్తోంది. ఆ ఎర్రదే నాది!"

"నిజమే కావచ్చమ్మా. కానీ కిటికీ రుజువు కాదు."

ఇంటికొచ్చి పిన్ని ఏడ్చింది. మొగుడు పోయినప్పుడు కూడా మర్నాడు పొయ్యి వెలిగించింది, బండి పోయాక రెండు రోజులు వెలిగించలేదు. మూడోనాడు లేచి, బుట్ట చంకన పెట్టుకుని నడిచి కాఫీ కొట్టు దాకా వచ్చింది. ఫ్యాక్టరీ గేటు దగ్గర వేరెవరో పొట్లాలు పెట్టారట. బడి పిల్లలు బిస్కెట్లు తింటున్నారట.

గడువు దాటాక, ఎవరూ తమదని రుజువు చేసుకోని బండ్లను విభాగం వేలం వేసింది. ఉద్యోగులు పాడుకోవచ్చని నిబంధన. నిబంధన ప్రకారమే అంతా జరిగింది.

ఆ తర్వాతి సోమవారం కాఫీ కొట్టు ముందు ఎర్ర బండి ఒకటి ఆగింది. హ్యాండిల్ మీద పిన్ని కట్టిన నీలం గుడ్డపేలిక అలాగే ఉంది. మీద రిడ్జువాన్. కింద కొత్త నంబరు, కొత్త పలక. కొట్టులో అందరూ పెన్నులు తీశారు.

"చూశావా పిన్నీ," అన్నాడు అతను, నిజంగానే సంతోషంతో. "ఇప్పుడు ఆ వీధి చివర్నుంచి కూడా చదవొచ్చు."

పిన్ని పలక వంక చూసింది, పేలిక వంక చూసింది. బుట్టలోంచి రెండు పొట్లాలు తీసి అతని చేతికిచ్చింది. అతను వాటిని బండి ముందున్న బుట్టలో పెట్టుకుని, స్టార్ట్ చేసి, ఆమె చంకలోని బుట్టకేసి వంగి చూశాడు.

"పొట్లాలు మరీ ఇరుకుగా పేర్చావు పిన్నీ. కాస్త ఎడం ఉంచు."