కుర్ర తిత్తుల వైద్యం

పెద్ద అడవే అది, పంచాయతీ కూడా ఉండేది. అధ్యక్షుడు ముసలి ఎలుగుబంటి. సభ మొదలవగానే కునుకు తీసేది. కునుకులో తల ఊగితే చాలు, “అధ్యక్షులవారు ఒప్పుకున్నారు,” అని కార్యదర్శి నక్క ప్రకటించేది. ఎవరి పనులు వాళ్లకు చల్లగా జరిగిపోయేవి.

ఒకనాడు ఎలుగు కునుకులోంచి లేవలేదు. ఊపిరైతే ఆడుతోంది. ముసలాయన పోతే తన గతేమిటని నక్క, వైద్యం చేసే కొంగ దగ్గరికి పరుగెత్తింది.

“ఒంట్లో కణాలు ఊరుకోవు,” అంది కొంగ. “కంటికానని తిత్తుల్లో కబుర్లు కట్టి నెత్తుట్లోకి వదులుతాయి. కుర్ర కణం ‘లే, పని చూడు’ అని పంపుతుంది. ముసలి కణం ‘నా పనైపోయింది, నువ్వూ పడుకో’ అని పంపుతుంది. ఆయన ఒంట్లో ఈ రెండోవే ఎక్కువ.”

“కుర్ర తిత్తులు ఎక్కిస్తే?”

“కొంత తేరుకోవచ్చు. కానీ నెత్తురు కలిపితే ముసలి తిత్తులు అటూ పోతాయి. ఇచ్చేవాడికి ముందే చెప్పాలి.”

“నేను చెబుతాలెండి,” అంది నక్క.

చెప్పలేదు.

రేచుకుక్క ఒకటి ఉండేది, మంచి వయసులో. సభ జరిగినప్పుడల్లా వాగు ఎందుకు ఎండిందని అడిగేది. నక్క దాన్ని పక్కకు పిలిచింది. “తమ్ముడూ, కొన్నాళ్లు పెద్దాయన పక్కన పడుకో. సభ్యత్వం నీదే.”

“ఆయన బతుకుతాడా అన్నా?”

“నీ చలవ వల్లే.”

సన్నటి వెదురు గొట్టంతో రెంటి నెత్తురూ కలిపారు. వానలు పడేసరికి ఎలుగు లేచి తేనెకు చెట్టెక్కింది. రేచుకుక్క మూతి నెరిసింది, మోకాళ్లు పట్టేశాయి. వాన గుంటలో తన ముఖం చూసుకుని, ఎవరో పెద్దాయనని పక్కకు తప్పుకుంది.

ఒళ్లు తేలికై ఎలుగు వాగు దాకా నడిచింది. వానాకాలంలోనూ చుక్క నీరు లేదు. గట్టెంట పోతే నీళ్లన్నీ నక్క మడుగులో ఉన్నాయి.

“ఎవడు మళ్లించమన్నాడురా?”

“తమరే, నిద్రలో.”

“మరి దుంపల మిట్ట అడవిపందికి ఎవడిచ్చాడు?”

“అదీ నిద్రలోనే.”

మర్నాడే సభ పెట్టారు. “అధ్యక్షుడికి కుర్రచేష్టలు ఎక్కువయ్యాయి. పెద్దరికం లేదు,” అంది అడవిపంది. అందరూ అవునన్నారు. ఎలుగును దించి, రేచుకుక్కను కూర్చోబెట్టారు.

“నేనేదో అడగాలనుకునేవాణ్ణి,” అంది రేచుకుక్క. “నీళ్ల గురించో ఏదో.”

“విశ్రాంతి తీసుకోండి అయ్యా,” అంది నక్క. తమ్ముడూ అనలేదు.

నీతి: కుర్రవాళ్లకు పదవి దక్కకపోదు, కాకపోతే ముందు ముసలితనం దక్కాలి.