చిల్లకల్లు మెట్ల ఉద్యమం

చిల్లకల్లు మెట్ల ఉద్యమం దేశ రాజకీయాల దిశనే మార్చబోతోందని నందిగామ నాయకుడు కిషోర్‌బాబు గారు ప్రకటించారు. పక్కనే కూర్చున్న బసవమ్మకి ఇంత సంగతి తెలియదు. ఆమె అడిగింది హైవే దాటడానికి మెట్ల వంతెన. బడి పిల్లల మధ్యాహ్న భోజనం ఇంటి దగ్గరే వండుతుంది. ఇల్లు ఇవతల, బడి అవతల. నెత్తిన సాంబారు గిన్నెతో లారీల మధ్య పరుగెత్తలేక టెంటు వేసి రిలే దీక్షకి కూర్చుంది. అది పేపర్లో పడగానే కిషోర్‌బాబు గారు వచ్చి చేరారు. రోజూ టిఫిన్‌కీ భోజనానికీ మధ్య ఆయన నిష్ఠగా నిరాహారంగా ఉండేవారు.

నలభయ్యో రోజున హైవే ఇంజనీరు హారూన్ కాగితం పట్టుకొచ్చాడు.

"వంతెన శాంక్షనైందండీ. వచ్చే వారమే పని మొదలు."

బసవమ్మ దణ్ణం పెడుతూ లేవబోయింది. కిషోర్‌బాబు ఆమెను కూర్చోబెట్టారు.

"ఇది ఉద్యమాన్ని అణిచే కుట్ర!"

"కుట్రేంటండీ? మీరడిగిందేగా?"

"అడిగింది ఇచ్చేస్తే ఎట్టాగయ్యా? ఎల్లుండి ఢిల్లీలో జాతీయ సభ. డిమాండే లేకుండా ఏ మొహం పెట్టుకుని వెళ్లను?"

'శాంక్షన్ రద్దు చేయాలి' అని కార్యకర్తలు హైవే మీద బైఠాయించారు. ప్రభుత్వం దిగొచ్చి రద్దు చేసింది. ఉద్యమానికి అది తొలి విజయం.

బసవమ్మకి ఏడుపొచ్చింది. "మరి నా మెట్ల సంగతేంటి, బాబూ?"

"మెట్లెక్కాల్సింది నువ్వు కాదమ్మా, దేశం!"

ఢిల్లీ సభలో వేదికని అచ్చం మెట్ల వంతెనలాగే కట్టారు. రెండు వైపులా మెట్లు, పట్టుకోవడానికి కమ్మీలు. కింద రోడ్డు బదులు ఎర్ర తివాచీ. బసవమ్మ ఇటెక్కి అటు దిగింది, అటెక్కి ఇటు దిగింది. ఒక్క లారీ హారన్ కొట్టలేదు.

"బాబూ, దీన్నే ఊడదీసి మనూరు తీసుకుపోదామా?"

"అమాయకురాలివి బసవమ్మా! రేపిది లక్నో సభకి వెళ్లాలి."

కిషోర్‌బాబు జాతీయ కన్వీనరయ్యారు. బసవమ్మకి శాలువా కప్పారు.

తిరుగు ప్రయాణంలో బస్సు ఇద్దర్నీ బడి వైపు దింపింది. అవతల టెంటు దగ్గర డప్పులు, దండలు. 'ముందుండి నడిపించే మా నాయకుడు' అంటూ మైకు హోరెత్తుతోంది. మధ్యలో ముక్త్యాల సిమెంటు లారీలు ఆగకుండా పోతున్నాయి. కిషోర్‌బాబు రోడ్డు మీద కాలు పెట్టారు, వెంటనే తీశారు. మెల్లగా బసవమ్మ వెనక్కి చేరి, ఆమె కొంగు గట్టిగా పట్టుకున్నారు.

"పదమ్మా. ఉద్యమాల్లో ఎప్పుడూ ప్రజలే ముందుండాలి."

బసవమ్మ కుచ్చిళ్లు ఎగదోపుకుంది.