మా తమ్ముణ్ణి కూర్చోబెట్టే బ్యాట్స్‌మన్

అయిదు రోజులు ఆడి, ఆఖరికి ఎవరూ గెలవకుండా ఇళ్ళకి పోయే ఆట ఒకటుంది. టెస్ట్ క్రికెట్. అదంతా దండగ అనేవాళ్ళకి నేనొకటే చెబుతున్నాను. అయిదు రోజులు చాలవు! పది చేయాలి!

నన్ను బడికి పంపలేదు. బెల్లం కట్టి తెచ్చిన పేపరు ముక్కలు కూడబలుక్కుంటూ చదవడం నేర్చుకున్నాను. వాటిలో ఎక్కువ ఆటల పేజీలే. అందుకని గుణింతాల కంటే ముందు నాకు గూగ్లీ తెలుసు.

మొన్న పేపర్లో ఇప్పటి గొప్ప టెస్ట్ బ్యాట్స్‌మన్‌ల జాబితా వేశారు. రూట్, స్మిత్, విలియమ్సన్, జైస్వాల్, బ్రూక్... ఎవరి సగటు ఎంతో, ఎవరు ఎన్ని సెంచరీలు కొట్టారో అన్నీ రాశారు. అసలు సంగతి మాత్రం రాయలేదు. ఆ బ్యాట్స్‌మన్ ఆడుతుంటే మా తమ్ముడు మంగరాజు మా ఇంట్లో ఎన్ని గంటలు ఉంటాడు? అది కదండీ కొలత!

మంగరాజుకి కాట్రేనికోనలో రొయ్యల చెరువులున్నాయి. అమలాపురంలో ఉన్న నన్ను చూడడానికి నెలకోసారి బండి మీద వస్తాడు. వస్తాడు గాని కూర్చోడు. కుర్చీ అంచుకి ఆనుకుని, హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుంటాడు. కాఫీ సగంలో ఉండగానే మొదలు.

"ఉంటానక్కా మరి. చెరువు కాడ ఏరియేటర్ ఆగిపోతే రొయ్యలకి గాలాడక కొంప మునుగుద్ది."

ఆ "ఉంటాను" అనే మాట వింటే నాకు గుండె దడ. బస్సు హారన్ విన్నా దడే. రావులపాలెం సెంటర్లో నిలబడి ఎంతమందికి చెయ్యి ఊపానో! మా ఆయన చెయ్యి ఊపే అవకాశం కూడా ఇవ్వలేదు. నలభై రెండేళ్ళు నిదానంగా ఆడి, ఒక ఆదివారం పొద్దున్న ఒక్క బంతికి వెళ్ళిపోయారు. రివ్యూ కోరదామంటే ఎవరిని కోరను?

అలాంటి నన్ను ఆదుకున్నది టెస్ట్ క్రికెట్. మా పుట్టింట్లో ఒక నియమం ఉంది. నచ్చిన బ్యాట్స్‌మన్ నిలదొక్కుకుని ఆడుతుంటే కూర్చున్నవాళ్ళు కూర్చున్నచోటు నుంచి కదలకూడదు. కదిలితే వికెట్ పోతుంది. మా నాన్న రేడియో కాలం నుంచి ఇదే చట్టం. మంగరాజుకి దేశభేదం కూడా లేదు. బాగా ఆడితే ఎవరైనా మనవాడే.

ఒకసారి పక్కింటి పెద్దింట్లమ్మ కరివేపాకు కోసం వచ్చి గడప లోపల ఒక కాలు పెట్టింది. అదే క్షణంలో టీవీలో బంతి బౌండరీ దాటింది. అంతే! మంగరాజు చెయ్యి అడ్డం పెట్టాడు.

"కదలకండి పెద్దింట్లమ్మగారూ! ఆ కాలు అక్కడే ఉంచండి!"

"ఆయ్, ఉంచుతానండీ. గానీ పొయ్యి మీద పులుసుందండీ!"

"పులుసు మళ్ళీ కాచుకోవచ్చండీ. వికెట్ మళ్ళీ వస్తదా?"

టీ విరామం దాకా ఆవిడ ఒక కాలు లోపల, ఒక కాలు బయట. పులుసు మాడింది. సెంచరీ పూర్తయింది. అప్పటి నుంచి కరివేపాకు కావలిస్తే ఆవిడ ముందు గోడ అవతలి నుంచి స్కోరు అడుగుతుంది.

ఇప్పుడు చెప్పండి, ఎవరు గొప్ప? రూట్ కుదురుకుంటే మంగరాజు భోజనం చేసి వెళతాడు. విలియమ్సన్ అయితే భోజనం, కునుకు, టీ! బ్రూక్, పంత్ మంచి పిల్లలే, కాదనను. కానీ ఏమిటా తొందర? వెనక ఎవరైనా తరుముతున్నారా? వాళ్ళు యాభై కొట్టేసరికి ఇక్కడ కాఫీ చల్లారదు. ఇక ఇరవై ఓవర్ల ఆట సంగతి అడక్కండి. అది చుట్టం రావడం కాదు, కరెంటు బిల్లు ఇచ్చేవాడు రావడం.

బంతిని ముట్టుకోకుండా వదిలేసిన ప్రతిసారీ అర పరుగు ఇవ్వాలని క్రికెట్ బోర్డుకి ఉత్తరం రాశాను. జవాబు లేదు. వాళ్ళకి తమ్ముళ్ళు లేరేమో!

పోయిన నెల మంగరాజు వచ్చేసరికి ప్రపంచంలో ఎక్కడా టెస్ట్ మ్యాచ్ లేదు. హెల్మెట్ ఒళ్ళో ఉంది. కాఫీ సగానికి వచ్చింది. రిమోట్ అందుకున్నాను. పాత మ్యాచ్‌లు వేసే ఛానెల్ నెంబరు కేబుల్ హరిబాబుని అడిగి ఎప్పుడో క్యాలెండర్ మీద రాసుకున్నాను. అది నొక్కాను. తెల్లబట్టల్లో ఎవరో నిదానంగా బంతులు వదిలేస్తున్నాడు. దేవుడిలా కనిపించాడు.

"లైవేరా" అన్నాను. లైవ్ అనే మాట ఉండాల్సిన మూల కనబడకుండా ప్లాస్టిక్ పూలగుత్తిని టీవీకి అడ్డం జరిపాను.

మంగరాజు టీవీ వంక చూశాడు. పూల వంక చూశాడు. హెల్మెట్ తీసి కింద పెట్టాడు.

భోజనం కుర్చీలోనే. అమ్మ గురించి, నాన్న రేడియో గురించి, చిన్నప్పుడు మేమిద్దరం తిన్న దెబ్బల గురించి మాట్లాడాడు. చెరువు నుంచి రెండుసార్లు ఫోనొస్తే "ఇప్పుడు లెగకూడదురా, మనోడు ఆడుతున్నాడు" అని పెట్టేశాడు. సాయంత్రం అయిదవుతుండగా నెమ్మదిగా అన్నాడు.

"అక్కా, ఇంకో రెండు ఓవర్లకి ఈయన స్లిప్‌లో క్యాచ్ ఇచ్చేస్తాడు."

"నీకెలా తెలుసురా?"

"ఈ మ్యాచ్ నేను రెండుసార్లు చూసేను. ఈయన రిటైరై చాలా ఏళ్ళయింది."

"మరి పొద్దుట్నుంచీ కదలకుండా ఎందుకు కూర్చున్నావురా?"

"లెగిస్తే అవుటైపోతాడు కదక్కా!"

వాడన్నట్టే రెండో ఓవర్లో స్లిప్‌కి క్యాచ్ వెళ్ళింది. మంగరాజు లేచి హెల్మెట్ పెట్టుకున్నాడు. లోకంలో బ్యాట్స్‌మన్ హెల్మెట్ పెట్టుకుంటే ఆడడానికి వస్తున్నాడని అర్థం. మా గుమ్మంలో మాత్రం వెళ్ళిపోతున్నాడని.

పేపరువారికి మనవి. జాబితా సరిచేసుకోండి. ప్రస్తుతం మొదటి స్థానం కాట్రేనికోన మంగరాజుది. ఏడు గంటలు, ఒక్క పరుగు లేదు, నాటౌట్.

ఇంకొక్క ముక్క. ఇది పేపరువారికి కాదు, తమ్ముళ్ళకి. మ్యాచ్ లేకపోయినా, టీవీ ఆపేసి ఉన్నా, అక్క ఇంట్లో కూర్చోవచ్చు. ఎవరూ అవుటవ్వరు.