ఒక్క ముక్క కూడా వదలకుండా

ఆ రోజు ఉదయం డిక్షనరీ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. తొమ్మిదింటికి పంపుల ఫ్యాక్టరీకి వెళ్ళడం, విదేశీ అతిథుల మాటలు యజమానికీ, యజమాని మాటలు వాళ్ళకీ చెప్పడం, ప్రాణాలతో ఇంటికి రావడం. విదేశీ భాషల్లో డిగ్రీ చేసి పది నెలలుగా ఖాళీగా ఉన్నందుకు ఇంట్లోవాళ్ళు ఆమెకు పెట్టిన పేరు డిక్షనరీ. చివరికి దొరికింది ఈ ఒక్కరోజు దుబాసీ పని. నచ్చితే ఉద్యోగం ఇస్తామన్నారు.

"ఇదీ పోయిందంటే సోమవారం నుంచి బాబాయి చెప్పుల కొట్లో కూర్చోవాలి. నేను మాటిచ్చేశాను," అన్నాడు తండ్రి గడ్డం గీసుకుంటూ.

"వెళ్ళేటప్పుడు ఆ మాటలేంటండీ? పిల్ల అసలే వణికిపోతోంది," అంది తల్లి.

నిజంగానే వణుకుతోంది. బాబాయి మంచివాడే గానీ, ఆ కొట్లో ఒకసారి కూర్చున్నవాళ్ళు మళ్ళీ లేచిన దాఖలా లేదు. బాబాయి కూడా ఒకప్పుడు ఫిజిక్స్ చదివినవాడే. భయం వేసినప్పుడల్లా ఆమె కాలేజీ మాస్టారి సూత్రాన్ని జపంలా తలుచుకుంటుంది: విన్నది విన్నట్టు చెప్పాలి, ఒక్క ముక్క వదలకూడదు, ఒక్క ముక్క కలపకూడదు. సొంత బుద్ధి వాడాలంటే ధైర్యం కావాలి. అది లేనివాళ్ళకు సూత్రమే దిక్కు.

ఫ్యాక్టరీలో ఒకవైపు యజమాని, ఫోర్‌మన్. మరోవైపు విదేశీ పెద్దాయన, ఆయన సహాయకురాలు. నడుమ చెమటలు కక్కుతూ ఈమె. ఈ అతిథుల ఆర్డరు వస్తేనే ఫ్యాక్టరీ నిలబడుతుందని గేటు దగ్గర వాచ్‌మన్ చెప్పాడు. దాంతో ఉన్న కాస్త ధైర్యమూ నీరుగారిపోయింది.

పలకరింపులు సాఫీగానే గడిచాయి. తర్వాత యజమాని ఫోర్‌మన్ చెవి దగ్గరికి వంగాడు.

"మూడో మిషన్ వైపు తీసుకెళ్ళకు. నిన్నట్నుంచి గడగడలాడుతోంది."

ఆమె విన్నది. విన్నాక వదలడానికి వీల్లేదు. చెప్పేసింది.

"అయితే ముందు ఆ మూడోదే చూద్దాం," అన్నాడు పెద్దాయన.

యజమాని మొహంలో నెత్తురు చుక్క లేదు. "అమ్మా తల్లీ! అది వాళ్ళకి చెప్పమన్నానా?"

అదీ చెప్పింది.

"ఇదెక్కడి పిల్లయ్యా! నోరు మూసుకోమను!" అని ఆయన ఫోర్‌మన్ మీద అరిచాడు.

"నోరు మూసుకోమంటున్నారు," అని ఆమె పెద్దాయనకు వినిపించింది. ఎవరి నోరో యజమాని చెప్పలేదు, ఆమె కలపలేదు. పెద్దాయన మొహం కందగడ్డ అయింది.

ఫోర్‌మన్ గొంతు తగ్గించి సర్దిచెప్పబోయాడు. "మా సార్‌కి బీపీ అండీ. ఇవాళ మాత్ర మర్చిపోయినట్టున్నారు."

ఆమె అదీ చెప్పడంతో సహాయకురాలు కంగారుగా నీళ్ళ సీసా తీసి యజమానికిచ్చింది. ఎందుకిచ్చిందో తెలియక ఆయన గటగటా తాగేశాడు.

అందరూ మూడో మిషన్ ముందుకు చేరారు. అది నేల అదిరేలా ఊగుతోంది. తనవల్ల తన ఉద్యోగమే కాదు, ఇక్కడున్న అందరి ఉద్యోగాలూ పోతున్నాయని ఆమెకు ఏడుపొచ్చింది.

"చూసింది చాలు, పోదాం పద," అని పెద్దాయన కోటు గుండీలు పెట్టుకున్నాడు.

సహాయకురాలు ఆయన చెవిలో గొణిగింది. "ఎక్కడికి పోతాం? మిగతా రెండు కంపెనీలూ కాదన్నాయిగా. నెలలోగా పంపులు రాకపోతే మన గని మునిగిపోతుంది. ఆ సంగతి వీళ్ళకి మాత్రం తెలియనివ్వకండి."

ఆమె ఇదీ విన్నది. యజమాని వైపు తిరిగింది. చివరి వాక్యంతో సహా చెప్పేసింది.

యజమాని మొహంలోకి రంగు వచ్చింది, పెద్దాయన మొహంలోంచి పోయింది. ఇద్దరి దగ్గరా దాచుకోవడానికి ఇంకేమీ మిగల్లేదు.

"మిషన్ వారంలో బాగుచేయిస్తాను. పంపులు నెలలోగా మీ గని దగ్గరుంటాయి," అన్నాడు యజమాని, మొదటిసారి ఎదుటి మనిషి కళ్ళలోకి చూస్తూ.

"బాగయ్యాక నాకు నడిపి చూపించాలి," అన్నాడు పెద్దాయన, పెన్ను తీస్తూ.

సంతకాలయ్యాక యజమాని ఆమెను పక్కకు పిలిచాడు. ఆమెకు పై ప్రాణాలు పైనే పోయాయి.

"తప్పయిపోయింది సార్. ఇంకెప్పుడూ ఈ ఛాయలకి రాను."

"రాకపోతే ఊరుకుంటానా? నా గుట్టు నీకు తెలుసు, వాళ్ళ గుట్టూ తెలుసు. నిన్ను ఇంకొకడి ఫ్యాక్టరీకి పోనిస్తే నా గతేంటి? సోమవారం వచ్చి చేరు."

ఆ సోమవారం నుంచి ఆమె వినేలా గుసగుసలాడటానికి కూడా అందరూ జంకారు; ఆ ఫ్యాక్టరీలో భయం లేనిది ఆమె ఒక్కదానికే.