క్లినిక్ ముందు పెద్ద బండి

ఆ రోజు పళ్ళ డాక్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే క్లినిక్ తెరిచి, రిటైర్డ్ హెడ్మాస్టరు గారి దవడ పన్నుకు తొడుగు వేసేయాలి. మధ్యాహ్నానికి ఇంటికొచ్చి వంటింట్లో కారుతున్న కుళాయి సంగతి చూడాలి. కుళాయి బాగుచేయడం ఆయనకు రాదు. బాగుచేసేవాణ్ణి పిలవమని భార్య ఎప్పుడో చెప్పింది, పిలిచానని ఆయన కూడా ఎప్పుడో చెప్పేశాడు. ఇవాళ నిజంగానే పిలిచేస్తే ఆ మాట అబద్ధం కాకుండా పోతుందని ఆయన ఆశ.

భార్య బ్యాంకులో లోన్ల సెక్షను చూస్తుంది. ఆమె ముందే వెళ్ళిపోయింది. డాక్టరు తాళం వేసి మెట్లు దిగేసరికి గేటు బయట వీధి కనిపించలేదు. వీధి ఉండాల్సిన చోట నల్లగా, నున్నగా ఒక బండి నిలబడి ఉంది. దాని పక్కన, అద్దంలో తనను తాను చూసుకుంటూ, బావమరిది.

"ఎలా ఉంది బావా?"

"ఎవరిది?"

"నాదే. నిన్న సాయంత్రం వచ్చింది."

డాక్టరు బండి చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు. తిరిగి రావడానికి కాస్త సమయం పట్టింది. బావమరిది అల్యూమినియం కిటికీలు చేయించి అమ్ముతాడు. కష్టపడేవాడు, మంచివాడు. కాకపోతే షోరూములో ఎవరైనా తనను రెండుసార్లు 'సార్' అని పిలిస్తే ఏదో ఒకటి కొనకుండా బయటికి రాలేడు.

"ఇంత బండి అవసరమా?" అన్నాడు డాక్టరు.

"అదే బావా నీతో వచ్చిన చిక్కు. దీన్ని అవసరంతో కొలవకూడదు. రాళ్ళ మీద పోతుంది, నీళ్ళలో పోతుంది, కొండలెక్కేస్తుంది."

"నువ్వు కొండలెక్కుతావా?"

"ఎక్కాలనిపిస్తే ఎక్కొచ్చు కదా."

"అనిపించడానికే అంత ఖరీదా?"

"సీటు నడుం కూడా పిసుకుతుంది బావా."

"నీకు నడుం నొప్పి లేదుగా."

"వాయిదాలు మొదలయ్యాక వస్తుందిలే."

బండి అనేది మనిషిని ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేర్చాలి, అంతకు మించి అది ఏం చేసినా మనం దండగ కట్టుకుంటున్నట్టేనని డాక్టరు అభిప్రాయం. ఆయన చిన్న కారు ఏళ్ళ తరబడి ఆయన్ని ఇంటి నుంచి క్లినిక్‌కు, క్లినిక్ నుంచి ఇంటికి చేరవేస్తోంది. ఒక్కసారి కూడా గొప్పలకు పోలేదు. ఆ మాటే బావమరిదికి విడమరిచి చెప్పాడు. బావమరిది శ్రద్ధగా విని, చివర్లో అసలు సంగతి బయటపెట్టాడు.

"బావా, చిన్న సాయం చెయ్యాలి. మా అపార్టుమెంటు కింద పార్కింగులోకి ఇది దిగట్లేదు. మలుపులో స్తంభం అడ్డొస్తోంది."

"కొనేముందు కొలుచుకోలేదా? రోజూ చేసే పనే కదా నీది."

"కిటికీ అయితే కొలుస్తాను. దీన్ని చూసి మనసు పారేసుకున్నాను, కొలవాలని తోచలేదు."

క్లినిక్ ముందు ఖాళీ ఉంది కాబట్టి ఇంకో చోటు దొరికేదాకా బండి అక్కడ పెట్టుకోవాలి. అందాకా డాక్టరు కారు అతను వాడుకుంటాడు. ఇంతవరకు డాక్టరుకు పెద్ద అభ్యంతరం లేకపోయింది.

"ఇంకో మాట. అక్కకి చెప్పకు. వేరే బ్యాంకులో లోను తీసుకున్నాను. తెలిస్తే నన్ను బతకనివ్వదు. సమయం చూసి నేనే చెప్తా. నువ్వు మాత్రం ఎవరడిగినా నా పేరు ఎత్తొద్దు. మాటివ్వు."

మెత్తటి మనిషి కాబట్టి డాక్టరు మాటిచ్చాడు. నువ్వే నడిపి చూడు, అప్పుడు నీకే తెలుస్తుందని బావమరిది తాళం చేతిలో పెట్టాడు. అలా ఆ పొద్దున పళ్ళ డాక్టరు అంత ఎత్తున కూర్చుని, తనకు పరిచయమున్న వీధులన్నీ పైనుంచి చూసుకుంటూ, క్లినిక్ ముందు దిగాడు. వెనకాలే చిన్న కారులో వచ్చిన బావమరిది చెయ్యి ఊపి అటునుంచటే వెళ్ళిపోయాడు.

క్లినిక్ మేడ మీద. కింద కళ్ళజోళ్ళ షాపు. షాపు యజమానే ఇంటి ఓనరు కూడా. షాపు ద్వారం పైన, దూరం నుంచి కూడా కనపడేలా, మనిషంత పొడవున్న కళ్ళజోడు ఒకటి కొక్కేలకు వేలాడుతూ ఉంటుంది. డాక్టరు బండిని వీధి వెంబడే వెనక్కి తీసుకొచ్చి, దాని వెనక భాగం ఆ జోడు కిందికి వచ్చేలా ఆపాడు.

పైనుంచి ఇదంతా చూసిన నర్సు మొహం వెలిగిపోయింది. "చెప్పనే లేదు సార్, బండి కొన్నట్టు."

"నాది కాదమ్మా."

"మరెవరిది సార్?"

"తెలిసినవాళ్ళది."

నర్సు తల పంకించింది. "అర్థమైంది సార్. ఇన్‌కమ్‌టాక్స్ వాళ్ళు అడిగినా నేను ఇదే చెప్తాను."

హెడ్మాస్టరు గారు అప్పటికే కుర్చీలో పడుకుని, నోట్లో దూది ఉండలు పెట్టించుకుని, కిటికీలోంచి కిందికి చూస్తున్నారు. ఏదో అన్నారు గానీ దూదిలో ఇరుక్కుపోయింది. మళ్ళీ అన్నారు. డాక్టరు దూది తీసి పుక్కిలించమన్నాడు. ఆయన నిదానంగా పుక్కిలించి, మూతి తుడుచుకుని, లేచి కూర్చున్నారు.

"డాక్టరు గారూ, ఆ బండిలో నా పన్ను ఏ భాగమో చూపిస్తారా?"

"మాస్టారూ, ఆ బండి..."

"తప్పుపట్టడం లేదు. ముందు చక్రమా, వెనక చక్రమా అని. తెలుసుకుందామని."

"అది నాది కాదండీ."

"మరెవరిదో చెప్పండి."

డాక్టరు చెప్పలేకపోయాడు. బడిలో ఎంతోమంది ఇలా నోరు మెదపకుండా నిలబడటం చూసిన మనిషి కాబట్టి, హెడ్మాస్టరు గారికి ఇంకో రుజువు అక్కర్లేకపోయింది. తొడుగు సంగతి తర్వాత చూద్దాం, ఉన్న పన్నుతోనే నెట్టుకొస్తానని కర్ర అందుకుని మెట్లు దిగిపోయారు.

డాక్టరు మనసు చివుక్కుమంది. పీకనక్కర్లేని పన్ను ఆయన ఏనాడూ పీకలేదు. పక్క సందు చివరి పళ్ళ డాక్టరు దగ్గర పీకించుకుందామని బయల్దేరిన వాళ్ళను కూడా ఆపి, ఉప్పునీళ్ళతో సరిపెట్టి పంపిన సందర్భాలున్నాయి. అలాంటి మనిషిని పట్టుకుని ముందు చక్రమా, వెనక చక్రమా అని అడుగుతారా?

ఆ బాధలో ఉండగానే ఇంటి ఓనరు పైకొచ్చాడు. "డాక్టరు గారూ, అద్దె సంగతి తర్వాత తీరిగ్గా మాట్లాడుకుందాం. ముందు ఆ బండి కాస్త జరపండి. నా షాపు ఎవరికీ కనపడట్లేదు."

అద్దె సంగతి ఎందుకొచ్చిందో డాక్టరు అడగలేదు. కిందికి దిగి తాళం మీది మీట ఒకటి నొక్కాడు. ఆయన ఉద్దేశం ముందు తలుపు తెరుచుకోవాలని. ముందు తలుపు కదల్లేదు. వెనక తలుపు మాత్రం ఎవరో లోపలినుంచి ఎత్తుతున్నట్టు మెల్లగా, హుందాగా పైకి లేచింది. లేస్తూ లేస్తూ షాపు కళ్ళజోడును కొక్కేల మీంచి సున్నితంగా ఎత్తుకుంది. డాక్టరు కంగారుపడి మళ్ళీ అదే మీట నొక్కాడు. తలుపు అంతే హుందాగా కిందికి దిగింది. దాంతోపాటు కళ్ళజోడూ దిగి, వెనక అద్దం మీద తన కోసమే చేయించినట్టు కుదురుకుంది.

ఇప్పుడు వీధిలో పోయేవాళ్ళకు బండి కళ్ళజోడు పెట్టుకుని తమనే చూస్తున్నట్టుంది.

ఎలాగో ముందు తలుపు తెరుచుకుని డాక్టరు లోపల కూర్చున్నాడు. ఎవరో తెలియని ఆడగొంతు ఒకటి ఎంతో మర్యాదగా, "వెనక ఏదో ఉంది, దయచేసి చూసుకోండి," అంది. ఆయన చూసుకున్నాడు. జోడు కాడలు తలుపు సందులో ఇరుక్కుపోయాయి, లాగితే రాలేదు. ఓనరు కూడా ఒక చెయ్యి వేశాడు, అయినా రాలేదు. మళ్ళీ వచ్చి కూర్చుంటే ఆ గొంతు మళ్ళీ అదే మాట, అంతే మర్యాదగా చెప్పింది. వెనక ఏదో ఉన్నంతవరకు బండి కదలదట. ఈలోగా సీటు తనంతట తాను ఆయన నడుం పిసకడం మొదలుపెట్టింది. హాయిగా ఉందని ఒప్పుకోవడానికి డాక్టరుకు మనసు రాలేదు గానీ, వెంటనే లేవనూ లేదు.

జనం పోగయ్యారు. ఓనరు ఫోటో తీసి, సాక్ష్యానికి ఉంటుందని వీధివాళ్ళ ఫోను గ్రూపులో పెట్టాడు. దాని కింద హెడ్మాస్టరు గారు, 'మన పళ్ళ బండి', అని రాశారు. కాసేపటికి బ్యాంకు నుంచి ఫోనొచ్చింది.

"ఏమండీ, మీ క్లినిక్ ముందు కళ్ళజోడు పెట్టుకున్న బండి ఎవరిది?"

"తెలిసినవాళ్ళది."

"మీకు తెలిసినవాళ్ళా, నాకు తెలిసినవాళ్ళా?"

"ఇద్దరికీ."

"పేరు?"

"చెప్పకూడదు."

"వస్తున్నాను," అంది ఆమె.

వచ్చి, బండి చుట్టూ తిరిగి చూసి, పైకెక్కి పేషెంట్ల కుర్చీలో కూర్చుంది. నర్సు అలవాటు కొద్దీ ఆమె మెడకు గుడ్డ కట్టబోయి ఆగింది. భార్య గొంతు పెంచలేదు. పెంచితే బాగుండునని డాక్టరుకు అనిపించింది.

"కుళాయివాణ్ణి పిలవడానికి తీరిక లేని మనిషికి బండి కొనే తీరిక ఎప్పుడు దొరికింది?"

"కొనలేదు."

"కొన్నందుకు కాదండీ నా బాధ. రోజూ అడ్డమైనవాళ్ళ లోను కాగితాలన్నీ నేను చూస్తాను. మా ఆయన వేరే బ్యాంకుకు వెళ్ళాడంటే, రేపు మా ఆఫీసులో నేను తలెత్తుకోవద్దా?"

బావమరిది భయం ఎంత న్యాయమైనదో డాక్టరుకు అప్పుడు తెలిసింది. పక్క గదిలోకి వెళ్ళి అతనికి ఫోను చేశాడు.

"ఒరేయ్, మీ అక్క వచ్చి కూర్చుంది. ఇక చెప్పేస్తాను."

"బావా, మాటిచ్చావు. సాయంత్రం నేనే వచ్చి చెప్తా. అన్నట్టు, నీ కారు భలేగా ఉంది బావా. ఎక్కడ పడితే అక్కడ దూరిపోతోంది. ఇవాళ పనులన్నీ మధ్యాహ్నానికే అయిపోయాయి," అని పెట్టేశాడు.

భార్య సాయంత్రం దాకా ఇక్కడే ఉంటానని సెలవు పెట్టేసింది. డాక్టరు పని చేస్తున్నట్టు నటిస్తూ కూర్చున్నాడు. అంతలో ఫోన్లు మొదలయ్యాయి. నర్సు ఒకటి పెట్టేలోగా ఇంకొకటి.

"రద్దు చేసుకుంటున్నారా?" అన్నాడు నీరసంగా.

"లేదు సార్. అంతా కొత్తవాళ్ళు. రేపే రావాలంటున్నారు. అంత బండి కొన్నాడంటే చెయ్యి ఎంత మంచిదో అంటున్నారట సార్ బయట."

డాక్టరుకు మొదట అర్థం కాలేదు. హెడ్మాస్టరు గారు వీధి పొడవునా చెప్పుకుంటూ పోయిన మాట ఒకటే: పళ్ళ మీద ఇంత బండి కొన్నాడని. ఆయన దాన్ని నిందగా మొదలుపెట్టారు. రెండు మలుపులు తిరిగేసరికి అది పొగడ్తయి కూర్చుంది. సాయంత్రం కాకముందే హెడ్మాస్టరు గారే మళ్ళీ మెట్లెక్కి వచ్చారు.

"ఆలోచించాను డాక్టరు గారూ. తొడుగు వేసేయండి. పక్క సందు చివరి డాక్టరు దగ్గరికి వెళ్దామనుకున్నాను. స్కూటరు మీద వస్తున్నాడు. ఏమో, నమ్మకం కుదరలేదు."

ఆయన వెనకాలే ఓనరు. "డాక్టరు గారూ, బండి కదపకండి. జోడు అలాగే ఉండనీయండి. ఫోటోలు దిగడానికి వచ్చినవాళ్ళు లోపలికొచ్చి అద్దాలు కూడా చూసుకుంటున్నారు. అద్దె సంగతి మర్చిపోండి."

డాక్టరు తొడుగు వేశాడు. చెయ్యి ఎప్పటిలాగే ఆడింది, తొడుగు ఎప్పటిలాగే కుదిరింది. సంతోషించాలో, సిగ్గుపడాలో తేలలేదు. ఇన్నేళ్ళుగా తాను పీకకుండా కాపాడిన పళ్ళను ఎవరూ ఫోటో తీసి గ్రూపులో పెట్టలేదు. కనీసం తలుచుకోలేదు. ఇవాళ తనది కాని బండిని, అదీ కదలని బండిని చూసి నమ్ముతున్నారు. ఆ మాట బయటికి అనలేదు గానీ, భార్య ఆయన మొహం చూసి కాసిని మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

చీకటి పడబోతుండగా బావమరిది వచ్చాడు. వచ్చీ రాగానే అక్క ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అక్కా, ఆ బండి నాది. వేరే బ్యాంకులో లోను తీసుకున్నాను. తప్పయిపోయింది. రేపే షోరూముకు తిరిగిచ్చేస్తాను."

అక్క ఏదో అనబోయేంతలో అతను బావ వైపు తిరిగాడు. "నువ్వే రైటు బావా. అంత ఖరీదుకు అందులో ఏముంది చెప్పు? మనిషిని చేర్చాలి, అంతేగా. ఇవాళ నీ కారులో తిరిగాక నాకు తెలిసొచ్చింది. పెద్ద బండంటే ఉత్త దండగ."

డాక్టరు గొంతు సవరించుకున్నాడు. "తొందరపడకు."

"ఏంటి బావా?"

"దండగ అని ఒక్క మాటలో తీసిపారేయకూడదు. బండంటే మనిషిని మోసుకెళ్ళేదొక్కటే కాదు. చూసేవాళ్ళకు అదొక ధీమా. పైగా ఆ సీటు..."

"నీకు నడుం నొప్పి లేదుగా బావా."

"ఇవాళ పొద్దున్నుంచి ఉంది."

"కొండలెక్కాలా నువ్వు?"

"ఎక్కాలనిపించొచ్చు కదా."

భార్య ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "పెళ్ళయినప్పటి నుంచి చూస్తున్నాను, ఒకరి మాట ఒకరు విన్న పాపాన పోలేదు. విన్నది ఇవాళే. అదీ ఇద్దరూ ఒకేసారి విని చచ్చారు," అంది. తర్వాత తమ్ముడి వైపు తిరిగి, లోను తన బ్యాంకుకు మార్పిస్తానని, రేపు పదింటికల్లా కాగితాలు తీసుకుని రమ్మని తీర్పు చెప్పి, కుళాయివాడికి తనే ఫోను చేసుకుంటూ మెట్లు దిగిపోయింది.

ఇప్పుడు బండి కళ్ళజోడుతో క్లినిక్ ముందే ఉంది, బావమరిది చిన్న కారులో తిరుగుతున్నాడు, డాక్టరు క్లినిక్‌కు నడిచి వెళ్తున్నాడు. అంత ఖరీదుకు ఆ బండి తగినదా, కాదా అని ఇద్దరూ కలిసినప్పుడల్లా చర్చ నడుస్తూనే ఉంది. బండే నడవడం లేదు.