ఉబాల్డో డూషి

శనివారం ఉదయం ఉబాల్డో వేసుకున్న పథకం చాలా చిన్నది. పాలకోవా డబ్బా ట్రక్కులో పెట్టుకుని రింకోన్ ఊరికి వెళ్ళాలి. ఎల్ఫ్రీడా వంటింటి గుమ్మం దగ్గర ఆగాలి. డబ్బా ఆమె చేతికిచ్చి ఒక్క వాక్యం చెప్పాలి. ఆ వాక్యం, "ఎల్ఫ్రీడా, నువ్వు కురసావో వెళ్ళకు."

ఎల్ఫ్రీడా వారాంతాల్లో ఊరివాళ్ళకి మేక కూర వండి పెడుతుంది, చర్చి పాటల బృందంలో పై గొంతు పాడుతుంది. పక్క దీవి కురసావోలో ఉన్న అన్నయ్య తన భోజనశాల చూసుకోవడానికి రమ్మన్నాడు. వస్తానో రానో ఆదివారంలోగా చెప్తానని ఆమె మాటిచ్చింది. బృందంలో కింది గొంతు పాడే ఉబాల్డో మూడేళ్ళుగా ఆమె వెనక వరుసలో నిలబడి, ప్రతి ఆదివారం ఏదో చెప్పబోయి, దగ్గి ఊరుకుంటున్నాడు. భార్య పోయి ఆరేళ్ళయింది. మాట్లాడే అలవాటు కూడా ఆమెతోనే పోయినట్టుంది. పోస్టాఫీసు కౌంటర్ వెనక మాత్రం చక్కగా మాట్లాడతాడు. చిక్కల్లా, ఎంత సాధన చేసినా ఆ వాక్యం "తమరు కురసావో ప్రయాణం మానుకోవలసిందిగా కోరడమైనది" అన్నట్టే వినబడుతోంది.

అందుకే దారిలో, సముద్రం ఒడ్డున పసుపు రంగు రాయి ఉన్నచోట ట్రక్కు ఆపాడు. బొనేర్ దీవిలో పసుపు రాయి ఉందంటే అక్కడ డైవింగుకి దిగవచ్చని అర్థం. అప్పటికే అక్కడొక తెల్ల ట్రక్కు ఉంది. ఉబాల్డోది కూడా తెల్లదే. అద్దె బళ్ళవాళ్ళు పాతబడిందని అమ్మేస్తే కొన్నాడు. వెనక గాలి సిలిండర్లు నిలబెట్టే చెక్క చట్రాన్ని కూడా పీకలేదు. ఆ ఒడ్డున ఎవరూ తలుపులకు తాళం వెయ్యరు, అద్దాలు ఎత్తరు. దొంగ వస్తే చూసుకుని పోతాడు, అద్దం పగలగొట్టే శ్రమ ఎందుకని. ఉబాల్డో తాళంచెవి కూడా దాని చోటునే వదిలేసి, ఫోను సీటు మీద పడేసి, పగడపు రాళ్ళ మీద జాగ్రత్తగా నడుస్తూ గట్టు చాటుకి పోయి, ఒక పెలికాన్ పక్షికి తన వాక్యం వినిపించాడు. పెలికాన్ కొంతసేపు విని ఎగిరిపోయింది.

అతను అక్కడ ఉండగానే నీళ్ళలోంచి ఒక డచ్చి జంట పైకి వచ్చింది. భార్య పేరు ఫెమ్కే, భర్త పేరు యోస్ట్. వాళ్ళు తమ తాళంచెవిని ముందు చక్రం మీద దాచుకున్నారు. తీరా వచ్చి చూస్తే తాళంచెవి బండికే ఉంది. నువ్వు పెట్టావనుకున్నానంటే నువ్వు పెట్టావనుకున్నానని తర్వాత ఇద్దరూ చెప్పారుగాని, అప్పుడు మాత్రం ఎవరూ ఎవరినీ అడగలేదు. పెళ్ళయి చాలా ఏళ్ళయినవాళ్ళు. సిలిండర్లు చట్రంలో పెట్టుకుని, ఉబాల్డో ట్రక్కెక్కి వెళ్ళిపోయారు.

ఉబాల్డో తిరిగి వచ్చి మిగిలిన ట్రక్కులో కూర్చున్నాడు. తాళంచెవి లేదు. డబ్బా లేదు, ఫోనూ లేదు. పక్క సీటులో ఎవరివో పెద్ద పెద్ద చెప్పులున్నాయి. కాసేపు ఆ చెప్పుల వంక చూశాక గాని జరిగింది అర్థం కాలేదు.

అదృష్టమో దురదృష్టమో, అప్పుడే అతని బావమరిది నికాసియో ఇంకో తెల్ల ట్రక్కులో వచ్చాడు. చనిపోయిన భార్యకు తమ్ముడు. మంచివాడే, కాకపోతే అతని చెవిన పడ్డ సంగతి భోజనాల వేళకల్లా దీవి అంతా తిరిగి మళ్ళీ అతని దగ్గరకే కొత్త కబురుగా వస్తుంది.

"ఏంటి బావా, బండేదీ?"

"ఎవరో డైవర్లు పొరపాటున వేసుకుపోయారు."

"పోనీలే, వాళ్ళే తెచ్చిస్తారు. ఎక్కడికి పోతారు, చుట్టూ సముద్రమేగా."

"బండి సంగతి కాదురా. అందులో నా డూషి ఉంది."

ఆ దీవి భాషలో డూషి అంటే తీపి. మిఠాయిని డూషి అంటారు. కూర బాగా కుదిరితే డూషి, సాయంత్రం గాలి చల్లగా వీస్తే డూషి, పక్కింటి పసిపిల్ల డూషి, ప్రాణంలా చూసుకునే మనిషీ డూషే. ఒక్క మాట చేత ఇంత చాకిరీ చేయించుకునే జనానికి ఎప్పుడో ఒకరోజు ఇబ్బంది తప్పదు. నికాసియో ఇంజను ఆపేశాడు.

"నీ డూషా? ఎప్పట్నించి?"

"నిన్నట్నించే."

"నిన్నటిదానికే ఇంత బెంగా?"

"మరి ఎన్నాళ్ళుంటుంది? నాలుగు రోజులు పోతే పాడైపోతుంది."

నికాసియో ఈ మాటను మనసులో రెండుసార్లు తిప్పుకున్నాడు. బావ ఇంత కఠినంగా మాట్లాడటం అతనెప్పుడూ వినలేదు. "చూడ్డానికెలా ఉంటుంది?" అని మెల్లిగా అడిగాడు.

"తెల్లగా, మెత్తగా. ఈ ఎండకి ఏమైపోతుందో ఏమో."

"నాకు ఒక్క మాటైనా చెప్పలేదేం బావా?"

"మొదటిసారి కదా. చెడిపోతే నవ్వుతారని చెప్పలేదు."

నికాసియో కళ్ళు చెమర్చాయి. ఇప్పుడే వస్తానని చెప్పి, ఫోనుకి సిగ్నలు అందే పసుపు రాయి మీదకెక్కి, రేడియోలో రుడ్సెల్‌కి ఫోను చేశాడు. పొద్దుటిపూట రుడ్సెల్ కార్యక్రమం వినని ఇల్లు ఆ దీవిలో లేదు. తప్పిపోయిన మేకల దగ్గర్నుంచి దొరికిన కళ్ళజోళ్ళ దాకా అన్నీ అతనే చెప్తాడు. ఆ సమయంలో ఉబాల్డో వంగుని, చెప్పుల అడుగున పేరేమైనా రాసి ఉందేమోనని వెతుకుతున్నాడు.

ఆ తీరం రోడ్డు ఒకవైపు ప్రయాణానికే. వెనక్కి తిరిగే వీల్లేదు, ఎవరు వెళ్ళినా రింకోన్ మీదుగానే పోవాలి. ఇద్దరూ నికాసియో ట్రక్కులో అదే దారిన బయల్దేరారు. రెండో మలుపు దగ్గర రేడియోలో రుడ్సెల్ గొంతు బరువుగా వినబడింది. పోస్టాఫీసు ఉబాల్డో గారి డూషి ఈ ఉదయం ఒక తెల్ల ట్రక్కులో డైవర్లతో వెళ్ళిపోయిందని, తెల్లని మనిషని, మెత్తని స్వభావమని, ఎండ పడదని, చూసినవాళ్ళు వెంటనే తెలియజెయ్యాలని చెప్పాడు. అతని బాధలో పాలుపంచుకుంటూ ఒక విషాద గీతం వేశాడు.

"డూషి అంటే పాలకోవా," అన్నాడు ఉబాల్డో.

నికాసియో రేడియో గొంతు తగ్గించాడు. తర్వాత, "పాలకోవా?" అన్నాడు.

"పాలకోవా."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా."

"డూషి అని చెప్పానుగా."

నికాసియో బండి పక్కకి ఆపి స్టేషనుకి ఫోను చేశాడు. లైను ఖాళీ లేదు. దీవిలో ఉన్నవాళ్ళంతా ఆ లైను మీదే ఉన్నారు. ఉప్పు మళ్ళ దగ్గర ఆమె ఏడుస్తూ కనబడిందని ఒకావిడ చెప్పింది. తన కొట్లో నవ్వుతూ రెండు రొట్టెలు కొనుక్కుందని ఇంకొకాయన చెప్పాడు. ఏడ్చిందా నవ్విందా అన్నదాని మీద ఇద్దరికీ రేడియోలోనే తగాదా జరిగింది. పోస్టుమాస్టరు ఫోను చేసి, ఉబాల్డో సోమవారం పనికి రానక్కర్లేదని ప్రకటించాడు. పాదిరీ గారు అందరినీ ప్రార్థించమన్నారు, ముఖ్యంగా డైవర్ల కోసం.

ఉబాల్డో రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు. ఎల్ఫ్రీడా వంటింట్లో పొయ్యి ఆరుతుందేమోగాని రేడియో ఆగదు. ఈ పాటికి ఆమె అంతా వినే ఉంటుంది. కురసావోకి పెట్టె సర్దడం కూడా మొదలుపెట్టి ఉంటుంది. ఇక దాచడంలో అర్థం లేక, కోవా ఎవరికోసమో, ఆ ఒక్క వాక్యం ఏమిటో బావమరిదికి చెప్పేశాడు. చెప్పాక, నొచ్చుకున్నాడేమోనని ఓరగా చూశాడు.

నికాసియో స్టీరింగు మీద దుమ్ము తుడిచాడు. "అక్క పోయి ఆరేళ్ళయింది బావా. నువ్వొక్కడివే కూర్చుని రెండు వైపులా నువ్వే డామినో ఆడుకోవడం కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. అందులోనూ ఓడిపోతుంటావు," అన్నాడు. తర్వాత బండి కదిల్చాడు.

రింకోన్ మొదట్లో కానిస్టేబుల్ లుద్విక్ రోడ్డుకి అడ్డంగా రెండు డ్రమ్ములు పెట్టి బళ్ళాపుతున్నాడు. అన్నీ తెల్ల ట్రక్కులే. తెరిచి ఉన్న కిటికీల్లోకి గాడిదలు తలలు దూర్చి తినడానికేమైనా ఉందా అని వెతుకుతున్నాయి. రోడ్డు పక్క చెట్టు నీడన, నల్లటి రబ్బరు దుస్తుల్లో పదిమంది దాకా విదేశీ ఆడవాళ్ళు వరుసగా కూర్చుని ఉన్నారు. ఊరివాళ్ళు జాలిపడి వాళ్ళకి చల్లటి చింతపండు నీళ్ళు పోస్తున్నారు. వాళ్ళ భర్తలు కొంచెం దూరంగా నిలబడి ఒకరి మొహాలొకరు చూసుకుంటున్నారు.

జరిగిందేమిటంటే, లుద్విక్ ప్రతి బండినీ ఆపి, లోపలున్న తెల్లావిడను, "నువ్వు ఉబాల్డో డూషివా?" అని అడిగాడు. ఆ దీవికి వచ్చే యాత్రికులకు అక్కడి భాషలో తెలిసేది ఆ ఒక్క మాటే. విమానం దిగిన పూటే నేర్చుకుంటారు. పోలీసాయన నోటివెంట అది వినగానే సంతోషించి, "డూషి, డూషి" అని తలూపారు. అడిగిన వాళ్ళందరూ ఒప్పుకున్నారు.

ఉబాల్డోని చూడగానే లుద్విక్ టోపీ తీశాడు. "అన్నా, నీకింతమంది ఉన్నారని మాకెవరికీ తెలీదు. ఇందులో పారిపోయిందెవరో నువ్వే చూసి చెప్పు, మిగతావాళ్ళని పంపించేస్తాను," అన్నాడు. అతని గొంతులో ఇంతకుముందెన్నడూ లేని మర్యాద ఉంది.

వరుస చివర కూర్చున్నావిడ ఒళ్ళో ఉబాల్డో డబ్బా ఉంది. మూత తీసి ఉంది. ఆమె బుగ్గ ఉబ్బి ఉంది. ఆమే ఫెమ్కే. యోస్ట్ ముందుకొచ్చి క్షమాపణలు మొదలుపెట్టాడు. సీటు మీద రిబ్బను కట్టిన డబ్బా చూసి, అద్దె బండివాళ్ళు పెట్టిన స్వాగతపు కానుక అనుకున్నామన్నాడు. ఎంత మంచి దీవి అని దారి పొడుగునా మెచ్చుకుంటూ తిన్నామన్నాడు. ఫెమ్కే లేచి నిలబడి, అడుగున మిగిలిన ఆఖరి బిళ్ళ తీసి ఉబాల్డోకే ఇచ్చింది.

"తినండి. చాలా డూషి," అంది.

అందరూ చూస్తుండగా ఉబాల్డో దాన్ని నోట్లో వేసుకున్నాడు. నిన్న చేసి డబ్బాలో సర్దేశాడేగాని, భయంతో రుచైనా చూసుకోలేదు. కోవా బాగా కుదిరింది. పళ్ళకి అంటుకోవడం లేదు, పంచదార పలుకు తగలడం లేదు. ఇంత గోలలోనూ ఆ సంగతి అతనికి కొంచెం ఊరటనిచ్చింది. కాని డబ్బా ఖాళీ, ఆదివారం రేపే.

సరిగ్గా అప్పుడు అక్కడ ఆగి ఉన్న ట్రక్కులన్నిట్లోనూ ఒకేసారి పాట ఆగిపోయింది. రింకోన్ నుంచి ఎల్ఫ్రీడా అక్క లైన్లో ఉందన్నాడు రుడ్సెల్. గాడిదలు తప్ప అందరూ కదలకుండా నిలబడ్డారు.

"రుడ్సెల్, నువ్వు పొద్దుట్నించీ చదువుతున్నది తప్పు," అంది ఎల్ఫ్రీడా. వెనకాల గరిటె చప్పుడు వినబడుతోంది. "నిన్న ఆ మనిషి మా చెల్లెలి కొట్టుకి వచ్చి పాలడబ్బాలూ పంచదారా కొని, ఎంతసేపు కలియబెట్టాలని మూడుసార్లు అడిగాడు. పోయింది కోవా. ఇకపోతే ఆయన డూషి అంటావా, అది ఎవరితోనూ పోలేదు. ఇక్కడే మేక కూర వండుతోంది. మూడేళ్ళుగా వెనకనించి దగ్గు వింటోంది. మా అన్నయ్య మధ్యాహ్నం ఫోను చేస్తాడు. నేనేం చెప్పాలో ఆయన్నడిగి చెప్పు."

నికాసియో అప్పటికే ఫోను నొక్కేశాడు. ఈసారి లైను దొరికింది. తెచ్చి బావ చెవికి ఆనించాడు. ఉబాల్డో గొంతు సవరించుకున్నాడు. కౌంటర్ భాష నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని కోవాతో పాటు మింగేశాడు.

"వెళ్ళకు," అన్నాడు.

ఆ ఒక్క మాట రోడ్డు పొడుగునా ప్రతి ట్రక్కులోంచీ తిరిగి అతనికే వినబడింది.

"సరే," అంది ఎల్ఫ్రీడా. "వచ్చేటప్పుడు నిమ్మకాయలు పట్టుకురా. ఆ చెట్టు కింద కూర్చోబెట్టినవాళ్ళని కూడా తీసుకురా, ఆకలితో ఉంటారు."

 రేడియోలో రుడ్సెల్ కాగితాలు సర్దుకున్న చప్పుడైంది. ముక్కు చీది, ఇప్పుడు మరణవార్తలు, అన్నాడు.