దిగింది కదా, ఇంకేం కావాలి!

ఒకే ఆకారంలో ఉన్న కనెక్టర్లన్నీ ఒకే తీరున పనిచేయాలని కోరేవాడు వ్యాపారానికి పరమశత్రువు! షెన్‌జెన్ ఎలక్ట్రానిక్స్ బజారులో అడుగుపెట్టిన రోజున నా చేతిలో ఉన్నవి అరముక్క గాజు బల్ల, మా ఊరి టీ పళ్ళెం, పెట్టెడు నలభై పిన్నుల కనెక్టర్లు. ఆ కనెక్టర్ల పుణ్యాన నేను తింటున్నాను. వాటిని నిందిస్తే ఊరుకుంటానా?

తెలియనివారి కోసం చెబుతాను. యంత్రానికి బుర్ర మెయిన్ బోర్డు. మోటారు తిప్పడానికో, నీళ్ళలో ఉప్పు కొలవడానికో దాని కనెక్టర్‌లో ఒక పిల్ల బోర్డు గుచ్చుతాం. ఎవరి బోర్డయినా ఎవరి కనెక్టర్‌లోనైనా ఇట్టే దిగుతుంది. కానీ ఏడో పిన్ను వెనక చిప్పుకున్న ఏ కాలు ఉందన్నది మాత్రం ఒక్కో కంపెనీది ఒక్కో ఇష్టం. ఎంత స్వేచ్ఛ!

కొందరు చాదస్తులు గొణుగుతారు. ఏది ఎక్కడ తగిలించారో యంత్రానికి చెప్పే ఫైలు ఒకటి ఉంటుంది; పిల్ల బోర్డు ఫైలులో ‘నా మోటారు ఏడో పిన్నుకు’ అని రాస్తే చాలదా? ఆ పిన్ను ఎక్కడికి పోతుందో మెయిన్ బోర్డు తన ఫైలులో చెప్పుకోదా? అంటే కనెక్టర్ దళారీలా మధ్యలో కూర్చుంటుందట! అమ్మేవాడికి కొనేవాడి గడప తెలియక్కర్లేదట! మా బజారంతా నడిచేది అలాగేననుకోండి. కానీ బజారు బుద్ధి చదువుకున్నవాళ్ళకు ఎందుకు?

నాకు బోర్డులు చేసిచ్చే గాన్ ఇంజనీరు కనెక్టర్ ఊసే ఎత్తడు. ‘ఫలానా చిప్పు, ఫలానా కాలు’ అని నేరుగా రాస్తాడు. ఇల్లెక్కడంటే ‘పచ్చ స్కూటర్ ఆగి ఉన్న చోట’ అన్నట్టు. స్కూటర్ కదిలిందా, కొత్త ఫైలు! ఎన్ని మెయిన్ బోర్డులో అన్ని ఫైళ్ళు! ఎందరి పొట్టలు నిండుతున్నాయో చూశారా?

మొన్న నా బావమరిది వెంగ్ ఫోన్ చేశాడు. వాడికి రావ్‌పింగ్‌లో రొయ్యల చెరువు ఉంది. నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లను అక్కడ తిప్పేది నేనమ్మిన పిల్ల బోర్డే. అప్పు చేసి వేసిన పంట, పట్టుబడికి వచ్చింది.

“బావా, పిడుగుకి మెయిన్ బోర్డు మాడిపోయింది. కొత్త మోడల్ కొన్నా. మన ఏరియేటర్ బోర్డు దీన్లో దిగుద్దా?”

గాన్‌ను అడిగాను. “అదే కనెక్టర్ కదన్నా! దిగక చస్తుందా?” అన్నాడు.

దిగింది. సాయంత్రం మళ్ళీ ఫోన్.

“బావా, ఏరియేటర్లు తిరగట్లేదు! బోర్డు మీద ఎర్ర దీపం మాత్రం ఎలుగుతోంది!”

“బాగా వెలుగుతోందా?”

“నీ దీపం తగలెయ్య! రొయ్యలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయ్!”

పాత బోర్డులో ఏరియేటర్ పిన్నుకు పోయే కాలే కొత్త బోర్డులో దీపానికి పోతుంది. అంతే తేడా! ఇంత చిన్న తేడాకు రొయ్యలు ప్రాణాలు తీసుకోవడం వాటి సంకుచితత్వం కాకపోతే ఏమిటి? తెల్లారేసరికి చెరువంతా తెల్లగా తేలింది.

గాన్ కంగారు పడలేదు. “సంకేతం ఎళ్ళిందిగా అన్నా. ఎటెళ్ళిందన్నది వేరే సంగతి.”

“ఆ ఫైలులో చిప్పు కాలు బదులు పిన్ను పేరు రాసి చావొచ్చు కదయ్యా?”

“రాస్తే రేపు నన్నెవరు పిలుస్తారన్నా?”

సంకేతం గురించి అతడన్న మాటను అక్షరం పోకుండా వెంగ్‌కు చేరవేశాను.

ఇక వచ్చింది లెక్క చూద్దాం. గాన్‌కు ఇంకో ఫైలు రాసే పని వచ్చింది. వెంగ్‌కు దివ్యమైన ఎర్ర దీపం వచ్చింది. నా వాటా నిన్న అత్తగారింట్లో తేలింది. పళ్ళెంలో కప్పులు పేర్చి వెంగ్ అందరికీ టీ పోశాడు. నా కప్పు దాకా వచ్చి, దాన్ని దాటి, నిండుగా ఉన్న పక్క కప్పులోనే మళ్ళీ పోశాడు. టీ పళ్ళెమంతా పొర్లింది.

“ఒరే, నాకు పోయలేదు!” అన్నాను.

“అదే పళ్ళెం కదా బావా, పోశాను. ఏ కప్పులోకెళ్ళిందన్నది వేరే సంగతి.”